ఎర్ర దారం, నీలి దారం

జులై 3, గురువారం

మా చిన్న చెల్లె జ్యోతిక వచ్చింది. రెండు చిన్న సీసాలు తెచ్చింది, చిటికెన వేలంత. ఒకదాని మెడకు ఎర్ర దారం, ఇంకోదానికి నీలి దారం. రెండూ పూల అత్తర్లే. ఏ పూలో చెప్పలేదు.

"చెప్తే నీ ముక్కుకు పనేముంటదక్కా" అన్నది.

ఉగాదికి కొత్తపేటల ఆమె పనిచేసే చీరల దుకాణం మూసేసిండ్రు. అప్పటి నుంచి దీని మీదనే ఉన్నది. పాతబస్తీల ఒక ఉస్తాద్ దగ్గర కూచుని అత్తరు కలుపుడు నేర్చుకున్నది. శ్రావణంల దిల్‌సుఖ్‌నగర్ ఫంక్షన్ హాల్‌ల ఎగ్జిబిషన్ పెడుతున్నరట. అందుల చిన్న స్టాల్ తీసుకున్నది. చేతిల ఉన్నదంతా పెట్టినా ఒక్క రకమే చేయించగలదు. రెండు పెట్టుకుంటే రెండూ సగం సగమే అయితయి, ఏదీ నిలవదు అని ఉస్తాద్ అన్నడట. పద్దెనిమిదో తారీఖు పొద్దున ఆయనకు మాటియ్యాలె.

ఆ మాట నేను చెప్పాలెనట.

ఈ ఇంట్ల మొదటి నుంచి అంతే. పక్కింట్ల పాలు విరిగితే మా వాకిట్ల నిలబడి చెప్పేదాన్ని. జ్యోతికను చూసుకోవడానికి వచ్చిన ఒక పిల్లగాడు సిగరెట్ తాగి, తులసాకు నమిలి వచ్చిండని వంటింట్ల నుంచే చెప్పిన. ఆ సంబంధం అక్కడికే అయిపోయింది. అప్పటి నుంచి నా ముక్కంటే ఆమెకు భక్తి.

నా ఒక చేతి మీద ఎర్రది, ఇంకో చేతి మీద నీలిది రాసింది. చూసిన.

"మంచిగున్నయి" అన్న.

"ఏది?"

"రెండూ."

నవ్వింది. "అక్క రెండూ మంచిగున్నయన్నదంటే ఒకటన్న బాలేదన్నట్టు. నిదానంగనే చెప్పు, తొందరేం లేదు."

జలుబున్నది. తగ్గినంక చూస్తా.

జులై 4, శుక్రవారం

పూజ మంచిగ అయింది. మందారాలు పెట్టిన. ఈ నడుమ మందారాలే పెడుతున్న. ఇంటి ముందరి చెట్టుకే పూస్తయి, కొనే పని లేదు. మందారానికి వాసన కూడ ఉండదు. ఎవరికీ లోటు లేదు.

జులై 5, శనివారం

జలుబు అట్లనే ఉన్నది.

జులై 6, ఆదివారం. తొలి ఏకాదశి

ఉపవాసం. పేలాల పిండి దంచి బెల్లం, ఏలకులు కలిపిన. ఆయన గిన్నెను రెండు చేతులతో పట్టుకుని తిన్నడు. బస్సు నడుపుడు మానేసి మూడేండ్లయింది, ఏది చేతికిచ్చినా ఇంకా స్టీరింగ్ పట్టుకున్నట్టే పట్టుకుంటడు.

"ఏలకులు జర ఎక్కువ పడ్డయేమో" అన్నడు.

"ఏకాదశికి అట్లనే ఉండాలె" అన్న.

ఇంకో ముద్ద తిని నీళ్లు తాగిండు. "ఏకాదశికే గద" అన్నడు.

పగటిపూట సీసాలు తీసి కూచున్న. ఎర్ర దారంది చల్లగ ఉన్నది. నీలి దారంది జర వెచ్చగ ఉన్నది. ఎర్రది ముందుకొస్తది, నీలిది వెనక నిలబడ్తది. అట్ల అనిపించింది. నీలి సీసా ఎండ పడే కిటికీ దగ్గర ఉండె.

జులై 8, మంగళవారం

మీర్‌పేట్ నుంచి అరుణ ఫోన్. మా నడిపి చెల్లె.

"ఏందక్కా, తీర్పు వచ్చిందా?"

"ఇంకా లేదు."

"కోర్టులే నయం నీకంటె. వాయిదాకు పిలిస్తే చాయ్ అన్న ఇస్తరు."

"రా, ఇస్తా."

"ఏదో ఒకటి చెప్పెయ్యక్కా. నువ్వు పేడ వాసన మంచిదంటే అది పేడ సెంటే చేయిస్తది, ఉన్నదంతా పెట్టి."

ఫోన్ పెట్టినంక నవ్విన. తర్వాత నవ్వు రాలేదు. ఆ మాట నిజమే.

జులై 9, బుధవారం

నిన్న సాయంత్రం ఎల్బీనగర్ చౌరస్తాల పూలమ్మే బుచ్చవ్వ పిలిచింది. "ఏం అండాలమ్మా, నా మీద అలిగినవా? పూలకే వస్తలేవు."

మల్లెలు కొన్న. దేవునికే.

పొద్దుగాల ఎవరూ లేవకముందు పూలబుట్ట ముందర కూచున్న. మా ఇంట్ల దేవుని పువ్వు ముక్కు దాకా పోవద్దు. అమ్మ దండ గుచ్చేటప్పుడు ముక్కుకు అడ్డంగ కొంగు కట్టుకునేది. జ్యోతికకు ఆరేండ్లున్నప్పుడు బుట్టల నుంచి ఒక చామంతి తీసి వాసన చూసింది. చేతి మీద కొట్టిన. బుట్టెడు పూలు తీస్కపోయి చెట్టు మొదట్ల పోసిన. సాయంత్రం దాకా ఏడ్చింది.

ఇయ్యాల ఒక మల్లెపువ్వు తీసి చూసిన. తేలలేదు. ఇంకోటి చూసిన. దోసిలి నిండ తీసుకుని ముఖం పెట్టిన.

చల్లగ ఉన్నయి, మెత్తగ ఉన్నయి. మల్లెలని వేళ్లకు తెలుస్తున్నది.

చూసిన పూలు స్వామికి పెట్టరాదు. పారేయ బుద్ధి కాలేదు. ఇత్తడి గిన్నెల వేసి పూజగదిల పై గూట్ల పెట్టిన. స్వామికి మందారాలే.

జలుబు ముదిరితే అట్లనే ఉంటదట. ఎవరో అన్నట్టు యాది.

జులై 10, గురువారం

ఒక ఉపాయం తట్టింది.

అత్తరు నా కోసమా? కాదు. పదిమంది కోసం. అయితే పదిమంది ముఖాలు చూస్తే తెలువదా?

మణికట్టు మీద ఎర్ర దారంది రాసుకుని, జాకెట్ బట్ట కొనాలని చెప్పి మెట్రో ఎక్కిన. చైతన్యపురిల కోచింగ్ పిల్లలు ఎక్కిండ్రు, వీపుల మీద మూటలతోని. ఒక పిల్ల నా పక్కకు కూచున్నది. ఫోన్ చూసుకుంట చూసుకుంట తలెత్తింది. నా జడ దిక్కు చూసింది. మళ్లీ చూసింది.

"ఆంటీ, మల్లెపూలు పెట్టుకున్నరా? వాసనొస్తుంది, పూలేమో కనిపిస్తలేవు."

"ఉంటయి బిడ్డా, ఎక్కడో" అన్న.

ఆ పిల్ల మళ్ల ఫోన్ల పడ్డది. నేను దిల్‌సుఖ్‌నగర్‌ల దిగి అటు పక్క మెట్లెక్కి తిరుగు బండిల వచ్చేసిన.

ఎర్ర దారం మల్లె. కనుక్కున్న.

"జాకెట్ బట్టేది?" అన్నడు ఆయన.

"రంగు కుదరలే."

జులై 12, శనివారం

ఇయ్యాల నీలి దారం. అదే దారి, అదే బండి. ఎవరూ ఏం అనలేదు. పక్క సీటు ఖాళీగనే ఉన్నది. శనివారం గద, జనం తక్కువ.

నిలబడ్డోళ్లు ఇద్దరున్నరు. వాళ్లకు నిలబడుడే ఇష్టమేమో.

మనసు చిన్నగ చేసుకుని ఇంటికొచ్చిన. చెయ్యి కడుక్కుందామని లేస్తుంటె పైపోర్షన్ శేషారత్నం వచ్చింది. రేపల్లె దిక్కు మనిషి. మా ఇంట్ల కిరాయికి వచ్చి నాలుగేండ్లు. ఆమె కిందికి దిగిందంటే నీళ్ల మోటార్ మాటే. వేరే మాట ఇంతవరకు నేను వినలేదు.

"అండాలమ్మగారూ, మోటారు..." అని ఆగింది. గడప మీద నిలబడి అటూ ఇటూ చూసింది. నేను పిలవకముందే లోపలికొచ్చి కూచున్నది.

"మీ పెరట్లో సంపెంగ చెట్టేమైనా ఉందాండీ?"

"లేదమ్మా."

"మరి ఎక్కణ్ణుంచో..." అన్నది. "మా అమ్మమ్మ ట్రంకుపెట్టెలో సంపెంగలు వేసేదండి. ఎండి నల్లబడిపోయినా పారెయ్యనిచ్చేది కాదు. పట్టుచీరలన్నిటికీ అదే వాసన. నాకు పెళ్లిలో ఆవిడ చీరే కట్టారు. పీటల మీద కూర్చుని పంతులుగారి మాట ఒక్కటీ వినలేదండీ నేను, కొంగు వాసన చూసుకుంటూ కూర్చున్నా. మా ఆయన ఇప్పటికీ దెప్పుతారు, మంత్రాలు సగమే విన్నావు కాబట్టి సగమే పెళ్లాంవని."

చాయ్ పోసిన. తాగింది. అమ్మమ్మ ఎట్ల తిట్టేదో చెప్పింది, తిట్లన్నీ చెప్పింది. రెండోసారి పోసిన. అది కూడ తాగి లేచి పోయింది, కండ్లు తుడుచుకుంట, నవ్వుకుంట.

అన్నం వేళకు పై నుంచి ఫోన్ చేసింది. "అన్నట్టు అండాలమ్మగారూ, మోటారు వెయ్యరూ? ట్యాంకులో చుక్క లేదు."

నీలి దారం సంపెంగ. ఇది కూడ కనుక్కున్న. ముక్కు అక్కరలేదు ఈ పనికి.

పై మాట కొట్టేద్దామనుకున్న. ఉండనీ.

జులై 13, ఆదివారం

కుడిచేతికి మల్లె, ఎడమచేతికి సంపెంగ రాసుకుని ఆయనకు చాయ్ ఇచ్చిన. మొదలు కుడిచేతితోని. జర సేపాగి బిస్కెట్ ఎడమచేతితోని.

"ఏందే ఇయ్యాల, ఇంత సింగారం?"

"ఏది మంచిగున్నది?"

"ఏది అంటే?"

"ఈ చెయ్యా, ఆ చెయ్యా."

రెండు చేతులూ తీసుకుని చూసిండు. పెండ్లయినప్పటి నుంచి అంతసేపు పట్టుకున్నది లేదు. "చేతులు రెండూ మంచిగనే ఉన్నయి. పాలే మాడినయి" అన్నడు. చాయ్ మొత్తం తాగిండు.

జులై 14, సోమవారం

రాయడానికేం లేదు.

జులై 15, మంగళవారం

నిన్న రాయడానికున్నది.

పొద్దున పప్పు పొయ్యి మీద పెట్టి గ్యాస్ తిప్పిన. అంతల బయట బండి మీద ఆకుకూరలాయన పిలిచిండు. లైటర్ కొట్టిన్నో లేదో యాది లేదు. పోయి తోటకూర కొన్న, బేరమాడిన. వచ్చి వంటింట్లనే కింద కూచుని ఆకు తెంపుతున్న. మనసుల స్తోత్రం చదువుకుంటున్న. చానసేపయింది. ఏమీ తెలువలేదు నాకు.

ఆయన పేపర్ తెచ్చుకోనీకి పోయి వచ్చిండు. గుమ్మంల చెప్పులు కూడ విడవలేదు. ఒక్క ఉరుకు ఉరికి వచ్చి గ్యాస్ బంద్ చేసిండు. కిటికీలు తీసిండు, వెనక తలుపు తీసిండు, నన్ను జబ్బ పట్టి లేపి వాకిట్లకు తీస్కపోయిండు. తోటకూర నా చేతిలనే ఉన్నది.

నేను దీపం వెలిగించే వేళ అది.

తిట్టలేదు. అడగలేదు. జామచెట్టు కింద నిలబడి రుమాలుతోని మెడ తుడుచుకున్నడు. "ఇంట్ల ఉక్కపోస్తున్నది. జర గాలి తగలనీ అని తీసిన" అన్నడు.

"అవును, ఉక్కనే" అన్న.

ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. స్వామికి మాత్రం చెప్పిన. ఆయనకు ఎట్లాగూ తెలుసు.

జులై 16, బుధవారం

ఆయన ఇండక్షన్ పొయ్యి కొనుక్కొచ్చిండు. నలభై ఏండ్లల నా కోసం కాదు, తన కోసం కూడ ఒక సామాను అడగకుండ కొన్న మనిషి కాదు.

"ఆఫర్ల ఉండె" అన్నడు.

"ఏం ఆఫర్?"

"ఆషాఢం ఆఫర్."

ఆషాఢంల చీరలకు ఆఫర్ ఉంటది. పొయ్యిలకు నేను వినలేదు. మొన్నటి నుంచి వంటింట్లకు నీళ్లు తాగనీకి వచ్చినన్ని సార్లు ఎండాకాలంల కూడ రాలేదు.

జులై 17, గురువారం

రేపు చెప్పాలె.

మల్లె అని చెప్తా. మల్లెను అందరు గుర్తు పడ్తరు. తప్పు పోదు. పదిమందికి తెలిసిన పువ్వు చేస్తే పదిమంది కొంటరు.

జలుబు సంగతి ఇప్పుడెందుకు. మాట సరిగ్గ చెప్తున్న గద. ఏ పువ్వో కూడ చెప్తున్న. ముక్కుతోని చెప్పినా చెవితోని చెప్పినా మాట ఒకటే.

వైశాఖంల జ్వరమొచ్చింది. అప్పటి జలుబు.

జులై 18, శుక్రవారం

పొద్దున్నే వచ్చింది జ్యోతిక. తలస్నానం చేసి, మంచి చీర కట్టుకుని వచ్చింది. పూజగది ముందర చాప మీద కూచున్నది. ఆయన పేపర్ అడ్డం పెట్టుకుని కుర్చీల ఉన్నడు.

"చెప్పక్కా."

"ఎర్ర దారం. మల్లె" అన్న. "గట్టి వాసన. ఎవరైన గుర్తు పడ్తరు."

"నీలిది?"

"సంపెంగ. అది కూడ మంచిదే. నువ్వు మల్లె చెయ్యి."

ఆమె ముఖం విప్పారింది. "సంపెంగను పట్టినవా! అరుణక్క పందెం కట్టింది, ఈ వయసుల అక్క పట్టలేదని." చెయ్యి చాపి నా ముక్కు కొన ముట్టుకుని కండ్లకద్దుకున్నది. ఫోన్ తీసి ఉస్తాద్‌కు కలిపింది. రింగు పోతున్నది.

"ఆగు" అన్న.

లేచి పై గూట్ల నుంచి ఇత్తడి గిన్నె తీసి ఆమె ముందర పెట్టిన. పైన తెల్లగ ఉన్నయి, నడుమ పసుపు తిరిగినయి, అడుగున గోధుమ రంగు. ఎనిమిది తొమ్మిది రోజుల మల్లెలు, ఏ రోజువి ఆ రోజు వేసినవి.

"ఇవేంది? స్వామికి మందారాలు పెట్టి మల్లెలు ఇక్కడ ఎందుకు దాచినవ్?"

"వాసన చూసినవి."

"ఎవరు?"

"నేనే."

ఫోన్ల ఉస్తాద్ హలో హలో అంటున్నడు. ఆమె చూడకుండనే బంద్ చేసింది. గిన్నె దిక్కు చూస్తున్నది.

"నా చేతి మీద కొట్టినవు గద" అన్నది, చిన్నగ.

"కొట్టిన. ఇప్పుడు నాకే వాసన తెలుస్తలేదు."

"ఎన్నొద్దుల సంది?"

"వైశాఖంల జ్వరం..."

"రెండు నెలలా?"

"జలుబనుకున్న."

"రెండు నెలల జలుబా అక్కా?"

కోపం వచ్చింది ఆమెకు. రావాలె. "నా దగ్గరున్నదంతా దీని మీద పెడుతున్న. నీ మాట మీద పెడుతున్న. వాసన తెలుస్తలేదని ఒక్క మాట అంటే ఏం పోతుండె నీది?"

"ముక్కు కూడ లేకపోతే నేను మీకెందుకనిపించింది" అన్న. అనాలనుకోలేదు. వచ్చింది.

గిన్నెల పూలు వేళ్లతోని కలిపింది. చివరికి, "ముక్కు కోసమే వస్తున్ననా నీ దగ్గరికి? చాయ్ కోసం కూడ వస్త" అన్నది.

"అది కూడ మాడుతున్నది ఈ నడుమ" అన్నడు ఆయన, పేపర్ వెనక నుంచి.

"బావా, నీకు తెలుసా ఇదంతా?"

"నాకేం తెలుసు. రెండు నెలల సంది మాడిన పప్పు తింటున్న. నన్నెవరన్న ఒక మాట అడిగిండ్రా?"

జ్యోతికకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ కలిసినయి. కొంగుతోని ముఖం తుడుచుకుని, "మరి మల్లెని, సంపెంగని ఎట్ల చెప్పినవ్?" అన్నది.

చెప్పిన. మెట్రోల పిల్ల సంగతి, శేషారత్నం సంగతి. అన్నీ మళ్లీ మళ్లీ అడిగింది.

"ఆ పిల్ల ఏమన్నది?"

"మల్లెపూలా అన్నది. అని మళ్ల ఫోన్ చూసుకున్నది."

"శేషారత్నమ్మ?"

"రెండు చాయ్‌లు తాగింది. మోటార్ సంగతి మర్చిపోయింది."

ఆయన పేపర్ దించిండు. "ఎవరు, పై శేషారత్నమ్మా? మోటార్ మర్చిపోయిందా?"

అప్పుడు తట్టింది నాకు. పదిహేను రోజులు సీసాలు ముందర పెట్టుకుని కూచున్నా తట్టనిది. "మల్లెలు కావాల్నంటే బుచ్చవ్వ దగ్గర మూర కొనుక్కుంటరు, తాజాగ, జడల పెట్టుకుంటరు. సంపెంగ కావాల్నంటే ఎక్కడికి పోతరు? ఈ చుట్టుపట్ల చెట్టే లేదు."

జ్యోతిక నా దిక్కు చూసింది. "ఇప్పుడు చెప్తున్నది ఎవరు? ముక్కేనా?"

"కాదు. నేను."

"తప్పయితే?"

"తప్పయితే నీ పక్కన స్టాల్‌ల కూచుంట. అందరికీ చెప్తా, నా మాట వినే మునిగిందని."

ఉస్తాద్‌కు మళ్లీ ఫోన్ చేసింది. "నీలి దారంది" అన్నది.

నేను వంటింట్లకు పోయి చాయ్ పెట్టిన. ఆమె వెనకాల్నే వచ్చి పాలు పొంగేదాక నా భుజం మీద గదువ పెట్టి నిలబడ్డది. మాడలేదు.

జులై 19, శనివారం

జ్యోతిక ముక్కు డాక్టర్ దగ్గరికి తీస్కపోయింది. జ్వరంల నరం దెబ్బతిన్నదట. రావచ్చు, రాకపోవచ్చు. పొద్దున సాయంత్రం లవంగం, నిమ్మ, గులాబి, నీలగిరి తైలం వాసన చూడాలెనట, మనసు పెట్టి, పాత వాసన యాది చేసుకుంట.

"వేరే పూలు కూడ చూడొచ్చా డాక్టర్?" అని జ్యోతిక అడిగింది, నా దిక్కు చూసుకుంట.

"తెలిసిన పూలైతే ఇంకా మంచిది. రోజూ చూడాలె" అన్నడాయన. పిల్లగాడు. మా ఇంటి సంగతి ఆయనకేం తెలుసు.

బిల్లు కడుతుంటె చెవుల అన్నది: "చీటీ రాసిచ్చిండు, ఇంక నిన్నెవరూ కొట్టరు."

జులై 20, ఆదివారం. బోనాలు

గల్లీ నిండ డప్పులు. అరుణ వచ్చింది. పందెం గెలిచిన్నా ఓడిన్నా అని ఆమెకే తేలుతలేదు.

పొద్దున పూల బుట్ట ముందర కూచుని చూడాల్నా వద్దా అని ఆలోచన చేస్తుంటె ఆయన వచ్చిండు.

"నీకు పేరెవరు పెట్టిండ్రు?"

"నాయిన."

"ఎవరి పేరు?"

"అండాలమ్మ తల్లిది" అన్న. తెలిసే అడుగుతున్నడు.

"ఆ తల్లి ఏం చేసింది? దండ ముందుగల్ల తన మెడల వేసుకుని చూసుకున్నది. తర్వాతనే స్వామికి పంపింది. స్వామి కోపం చేసిండా? అదే కావాలన్నడు. ఆమె పేరు పెట్టుకుని నువ్వు ఒక్క పువ్వుకు ఇంత పరేషాన్ అయితున్నవు."

"నీకెట్ల తెలుసు ఇవన్నీ?"

"ధనుర్మాసమొస్తే తెల్లారకముందే మైకు లెక్క చదువుతవు గద. నిద్ర పోనిస్తవా? వినక ఏం చెయ్యాలె."

జులై 22, మంగళవారం

లవంగం: లేదు. నిమ్మ: లేదు. గులాబి: లేదు. నీలగిరి: ముక్కు మండింది. మండుడు కూడ ఒక కబురే.

జులై 25, శ్రావణ శుక్రవారం

ఎగ్జిబిషన్ మొదలైంది. అన్న మాట ప్రకారం పోయి స్టాల్‌ల కూచున్న. పగటి దాక ఆడపిల్లలు వస్తున్నరు, వాసన చూస్తున్నరు, "ఇదేం పువ్వు?" అంటున్నరు, గాజుల స్టాల్‌కు పోతున్నరు. జ్యోతిక ముఖం చిన్నగయింది. నేను రామనామం చదువుకుంట కూచున్న. బయటికి మాత్రం, "పండుగ పూట ముందు గాజులే కొంటరు" అన్న. నాకేం తెలుసు.

మూడింటికి ఒక పెద్దామె వచ్చింది, కోడలితోని. కోడలు ముందుకు గుంజుతున్నది. పెద్దామె చేతి మీద జ్యోతిక నీలి దారంది రాసింది. ఆమె చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకున్నది, మళ్ల దించలేదు.

"అత్తమ్మా, పోదాం, లేటయితున్నది."

"నువ్వు పో. నేను కూచుంట."

నా కుర్చీ ఇచ్చిన. చౌటుప్పల్ దగ్గర ఊరట ఆమెది. ఇంటి వెనక బావి, బావి పక్కన సంపెంగ చెట్టు. చెట్టు ఎవరు కొట్టించిండ్రో చెప్పింది, ఇప్పటికీ ఆయనతోని మాటల్లేవని చెప్పింది. ఆమె చెప్తుంటె విననీకి ఇంకొకామె ఆగింది. ఆమె కూడ చెయ్యి చాపింది. తర్వాత ఇంకో ఇద్దరు. కోడలు గాజులు కొనుక్కుని వచ్చేసరికి అత్తమ్మ చుట్టు ఆడోళ్లు గుంపయిండ్రు. పోయేటప్పుడు కోడలు కూడ ఒకటి తీసుకున్నది.

సాయంత్రానికి పొద్దున తెచ్చిన డబ్బా అడుగు కనిపించింది. జ్యోతిక సీసాకు నీలి దారం కట్టుకుంట, "అక్కా, రేపు రెండో కుర్చీ తేవాలె. అమ్మెతందుకు కాదు, కూచుండెతందుకు" అన్నది.

పొద్దుటి సంగతి రాయలేదు.

పొద్దున స్నానం చేసి స్వామి ముందర కూచున్న. బుచ్చవ్వ మల్లెలు బుట్టల ఉన్నయి. ఒకటి తీసి, కండ్లు మూసుకుని, డాక్టర్ చెప్పినట్టు మనసు పెట్టి చూసిన. అమ్మ ముక్కుకు కట్టుకున్న కొంగు యాదికొచ్చింది. వాసన రాలేదు.

గూట్ల గిన్నె దిక్కు చూసిన. ఆ పువ్వు అందుల వెయ్యలేదు. స్వామి పాదాల దగ్గర పెట్టిన. "నేను చూసిన. ఏం తెలువలేదు. ఇగ నువ్వు చూసి చెప్పు" అన్న.

జర సేపు చూసిన. ఆయన కూడ ఏం చెప్పలేదు.

ఇద్దరం సరిపోయినం. రేపు ఇంకోటి పెడ్తా.